3050 గ్రాఫిక్స్ కార్డు అని తెచ్చుకుంటే అది వేరే 3050 అంటున్నారు, ఏంటండీ ఇది?

కాలవగట్టు (పాలకొల్లు):
నమస్కారమండి. పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తుంటాను, సీజన్‌లో వీడియో ఎడిటింగ్ కూడా. పాత కంప్యూటర్లో ఎక్స్‌పోర్ట్ పెట్టి భోంచేసి వచ్చినా సగం అయ్యేది కాదు. హైదరాబాద్‌లో ఇదే పని చేసే మా బావమరిది "ఆర్‌టీఎక్స్ 3050 వేయించు బావా, నేను వాడేది అదే" అన్నాడు. భీమవరం వెళ్లి 3050 అడిగాను, ఇచ్చారు. 17,500 అయింది.

ఇంటికొచ్చి బిగిస్తుంటే పవర్ సప్లై నుంచి వచ్చే ఎనిమిది పిన్నుల వైరు ఊరికే వేలాడుతోంది. కార్డుకి అది గుచ్చే చోటే లేదు. అటూ ఇటూ తిప్పి, టార్చ్ వేసి మరీ వెతికాను. షాపుకి ఫోన్ చేస్తే కుర్రాడు "ఆయ్, ఇది కరెంటు తక్కువ తింటుందండీ, కొత్త మోడలు" అన్నాడు. సంతోషించాను. రాత్రి బావమరిదికి వీడియో కాల్‌లో చూపిస్తే "నాది 8 జీబీ, నీది 6 జీబీ, అది వేరే కార్డు బావా" అంటాడు. రెండు జీబీలు తగ్గినంత మాత్రాన వేరే కార్డు ఎలా అవుతుందండీ? తిరిగిచ్చేయాలా, ఉంచుకోవాలా? రెండు పెళ్లిళ్ల పని చేతిలో ఉంది, టెన్షన్‌గా ఉంది.

సోల్డరింగ్_బాబాయ్ (అమలాపురం):
మీ బావమరిది చెప్పింది నిజమేనండి. 8 జీబీది 2022లో వచ్చింది, మీది 2024లో. దాంట్లో కోర్లు, అంటే లెక్కలు చేసే భాగాలు, 2,560, మీదాంట్లో 2,304. అది పెద్ద బాధ కాదు. అసలు కోత మెమరీ బస్ దగ్గర, అంటే మెమరీ నుంచి డేటా వచ్చే దారి దగ్గర పడింది, 128 బిట్ల నుంచి 96కి. చెరువు నిండా నీళ్లున్నా తూము ఎంతుంటే అంతేగా చేలోకి పారేది. సెకనుకి 224 జీబీ పారేది 168 దగ్గర ఆగిపోయింది. కరెంటు 130 వాట్ల నుంచి 70కి దిగింది. 75 వాట్ల దాకా మదర్‌బోర్డు స్లాటే ఇచ్చేస్తుంది కాబట్టి మీ వైరుకి పని లేకుండా పోయింది. కుర్రాడు అబద్ధం చెప్పలేదు లెండి, సగమే చెప్పాడు.

ఆల్బమ్ పనికి ఏ ఇబ్బందీ ఉండదు. ఎక్స్‌పోర్ట్ చేసే ఎన్‌కోడర్ రెండింట్లోనూ ఒకే తరానిది. నాయిస్ తీయడం, బరువైన ఎఫెక్టులు వేయడం లాంటివి చేసేటప్పుడు తేడా తెలుస్తుంది. మీ ఎస్ఎంపీఎస్, అదే పవర్ సప్లై, ఎన్ని వాట్లది?

నైట్‌షిఫ్ట్_9:
పెట్టె మీద 6 జీబీ అని రాసే ఉంటుంది కదా బాసూ. చూసుకోకుండా కొని ఇప్పుడు గోలేంటి?

కాలవగట్టు:
రాసే ఉందండి, కాదనను. కానీ 6 జీబీ అంటే మెమరీ తక్కువని తెలుస్తుంది, కోర్లూ బస్సూ కోసేశారని ఎలా తెలుస్తుంది? మాది వ్యవసాయ కుటుంబం. మారుటేరు వరి వంగడాలకి ఎంటీయూ నంబర్లుంటాయి. 7029 అంటే స్వర్ణ, 1001 విజేత, 1010 కాటన్‌దొర సన్నాలు. మా నాన్న 1010 ఇమ్మంటే ఏ కొట్లోనైనా ఆ విత్తనమే ఇవ్వాలి. 30 కేజీల బస్తాలో ఉన్నది ఒక 1010, 25 కేజీల బస్తాలోది కాస్త తక్కువ పండే ఇంకో 1010 అని చెబితే కొట్టువాడు ఊళ్లో తిరగగలడా?

ఎస్ఎంపీఎస్ 400 వాట్లండి. 2016లో కొన్నది.

సోల్డరింగ్_బాబాయ్:
అయితే ఉంచేసుకోండి. ఆ ముసలి సప్లై మీద 130 వాట్ల కార్డు వేయమని నేను చెప్పను.

నైట్‌షిఫ్ట్ గారూ, గోల చేస్తే పనయింది కూడా. ఈ కార్డుల కంపెనీ ఎన్విడియా వాళ్లు 2022లో 4080 పేరుతోనే 16 జీబీ, 12 జీబీ అని రెండు ప్రకటించారు. కోర్లు ఒకదాంట్లో 9,728, రెండోదాంట్లో 7,680. జనం ఉతికేస్తే అక్టోబరులో 12 జీబీది వెనక్కి తీసుకుని, 2023 జనవరిలో 4070 టీఐ అని వదిలారు. చిన్న కార్డులకి అలా అరిచేవాళ్లుండరు. జీటీ 1030 అయితే మరీ ఘోరం, పేరు మార్చకుండా లోపల డీడీఆర్4 అనే నెమ్మది మెమరీ పెట్టేసరికి 48 జీబీ పారేది 16.8కి పడిపోయింది. దాన్ని తెచ్చుకుని, పాడైందేమో చూడమని నా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు.

కాలవగట్టు:
ఉంచేస్తానండి. పనిలో పనిగా ఇంకోటి. డిగ్రీ చదివే మా అమ్మాయికి ల్యాప్‌టాప్ చూస్తున్నాం. ప్రాసెసర్ రైజెన్ 5 7520యూ ఉన్నది ఒకటి, 7530యూ ఉన్నది ఒకటి. రెండోది నాలుగు వేలు ఎక్కువ. పది నంబర్ల తేడాకి నాలుగు వేలా?

లంక_అబ్బాయి (రాజోలు):
ఇచ్చేయండి ఆ నాలుగు వేలు. ముందున్న 7 చూసి మోసపోకండి, చూడాల్సింది మూడో అంకె. 2 ఉంటే జెన్ 2, అంటే 2019 నాటి డిజైను, నాలుగు కోర్లు. 3 ఉంటే జెన్ 3, మీరు చెప్పినదాంట్లో ఆరు కోర్లు. మా చెల్లికి 7520యూ, 8 జీబీది కొన్నాం. ర్యామ్ పెంచుదామని వెనక మూత విప్పితే స్లాటే లేదు, బోర్డుకే అతికించేసి ఉంది. ఆ స్క్రూలు మళ్లీ బిగిస్తున్నంతసేపూ చెల్లి నా మొహమే చూసింది.

కాలవగట్టు:
మూడో అంకె. సరేనండి. కానీ షాపువాడు పంపిన ఫొటోలో స్టిక్కర్ మీద "రైజెన్ 5, 7000 సిరీస్" అని మాత్రమే ఉంది. మిగతా అంకెలు ఎక్కడ చూడాలి?

లంక_అబ్బాయి:
ఆన్ చేయించి, టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ నొక్కండి, పైన పూర్తి పేరు వస్తుంది. చార్జింగ్ లేదంటే అక్కడే కూర్చుని పెట్టించండి.