అప్‌డేట్: కంబాలకొండ ఆకుల కింది పురుగుల సర్వే

వైజాగ్ దగ్గరి కంబాలకొండ అడవిలో రాలిన ఆకుల కింద ఉండే పురుగుల్ని సర్వే చేయాలి, కరెంటు లేని చోట బల్బు గరాటా (బల్బు వేడికి ఆకుల్లోని పురుగులు కింది సీసాలోకి దిగే గరాటా) ఎలా పెట్టాలి అని ఆమధ్య ఇక్కడ అడిగాను. గరాటా మానేసి వింక్లర్ సంచీ వాడమన్నవాళ్లకు థాంక్స్, అదే చేశాను.

అటవీశాఖ అనుమతి వచ్చాక, చదరపు మీటరు గడి గీసి అందులోని ఆకులన్నీ జల్లెడ పట్టాం. కిందపడిన పొడిని వల సంచిలో నింపి, దాన్ని గుడ్డ సంచి లోపల వేలాడదీయాలి, ఇదే వింక్లర్ సంచీ. పొడి ఆరేకొద్దీ పురుగులు తడి వెతుక్కుంటూ అడుగున ఉన్న ఆల్కహాల్ సీసాలో పడతాయి. మామూలుగా 48 గంటలు చాలంటారు గానీ, మన వైజాగ్ ఉక్కపోతలో అది ఆరితేనా? గడువు దాటాక కూడా రాలుతూనే ఉన్నాయి. హాల్లో దండేనికి ఆ సంచులు చూసి మా అమ్మ ఏమందో ఇక్కడ రాయను.

సీసాలో ఎక్కువగా మైట్లు (సాలీళ్ల బంధువులైన నలుసంత జీవులు), స్ప్రింగ్‌టెయిల్స్ (గెంతే రెక్కల్లేని బుల్లి జీవులు), చిన్న చీమలు. లెన్సు కింద ఒక సూడోస్కార్పియన్ కనబడితే కేక పెట్టాను! బియ్యపు గింజలో సగం లేదు, తేలుకున్నట్టే ముందు డెక్కలు, కొండి మాత్రం లేదు.

పక్కనే పురుగులు జారిపడేలా నేలలో పాతిన గ్లాసుల్లో పెద్ద చీమలు, సాలీళ్లు, పెంకుపురుగులే పడ్డాయి. పైపైన తిరిగేవే వాటిలో పడతాయి కాబట్టి రెండు లెక్కలూ విడిగానే రాస్తున్నా.

చీమల సంగతి నేను చూసుకోగలను. మైట్లను మైక్రోస్కోపు కింద చూడ్డానికి స్లైడ్లు చేయడం వచ్చినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.