పదవీ విరమణ, అమెరికాలో అమ్మాయి దగ్గర కొన్ని నెలలు, మధ్యలో అలాస్కా ఓడ ప్రయాణం: ఏది ముందు, ఏది వెనుక?

ప్రశ్న (గుంటూరు, ప్రభుత్వ జూనియర్ కళాశాల అధ్యాపకుడు)

సభ్యులందరికీ నమస్కారం. వచ్చే ఏప్రిల్ నెలాఖరుకు నాకు 62 ఏళ్లు నిండుతాయి, ఆ రోజుతో ఉద్యోగ విరమణ. అమ్మాయి, అల్లుడు సియాటిల్ దగ్గర బెల్‌వ్యూలో ఉంటున్నారు. మే మొదటి వారంలోనే మేమిద్దరం బయలుదేరి అక్టోబరు వరకు వాళ్ల దగ్గర ఉండాలనీ, జూన్‌లో అందరం కలిసి సియాటిల్ నుంచి వారం రోజుల అలాస్కా క్రూజ్‌కు వెళ్లాలనీ అనుకుంటున్నాము. ఓడ టికెట్లకు ఇప్పుడు తగ్గింపు నడుస్తున్నదనీ, ఈ వారంలోనే తీసేసుకుందామనీ అమ్మాయి తొందరపెడుతోంది. 2019లో వెళ్లినప్పుడు ఇచ్చిన పదేళ్ల అమెరికా వీసా ఇద్దరికీ ఉంది. నా భార్య పాస్‌పోర్టు గడువు మాత్రం వచ్చే డిసెంబరుతో ముగుస్తుంది. ఆమెకు మధుమేహం, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. పింఛను పనులు, వీసాలు, ఆరోగ్యం, ఓడ టికెట్టు, వీటిని ఏ క్రమంలో చూసుకోవాలో అనుభవమున్నవారు చెప్పగలరా?

సమాధానం (ఖజానా శాఖ విశ్రాంత ఉద్యోగి, ఏలూరు)

మాస్టారూ, మీరు అడిగినవాటిలో పింఛను సంగతి వరకు నేను చెప్పగలను. ఏప్రిల్ 30న విరమించి మే మొదటి వారంలో విమానం ఎక్కాలన్న ఆలోచనను దయచేసి మానుకోండి. పింఛను ప్రతిపాదనలు ముందుగానే పంపినా, సర్వీసు రిజిస్టరులో ఎక్కడో ఒక ఇంక్రిమెంటు నమోదు సరిపోలేదనో, నామినేషను పత్రంలో పేరు తేడాగా ఉన్నదనో అకౌంటెంట్ జనరల్ కార్యాలయం నుంచి అభ్యంతరం రావడం కొత్తేమీ కాదు. దానికి జవాబు ఇవ్వవలసింది మీ కళాశాలే అయినా, వెంటపడి ఇప్పించుకోవలసినవారు మీరే. పీపీవో (పింఛను చెల్లింపు ఉత్తర్వు) వచ్చిన తరువాత మొదటి పింఛను కోసం ఉప ఖజానా కార్యాలయానికి స్వయంగా వెళ్లి, గుర్తింపు పూర్తి చేయించుకొని, బ్యాంకు ఖాతా వివరాలు సరిచూసుకోవాలి. ఈ పని అమెరికాలో కూర్చొని ఫోన్లో సాగేది కాదు. అందుచేత మొదటి పింఛను ఖాతాలో పడిన తరువాతి తేదీకి విమానం టికెట్టు తీసుకోండి. నా అంచనా ప్రకారం జూన్ చివరి వారం, లేదా జూలై మొదటి వారం భద్రమైన తేదీ.

ఇంకొక మాట. గ్రాట్యుటీ, కమ్యుటేషను, సంపాదిత సెలవుల నగదు అన్నీ ఒకే రోజున రావు. వాటిలో ఏదో ఒకటి ఫలానా నెలలో వస్తుందని నమ్మి ఓడకు మిగతా సొమ్ము కట్టే గడువును దానికి ముడిపెట్టవద్దు. కమ్యుటేషను అంటే మీ పింఛనులో 40 శాతం వరకు ముందే తీసుకొని, ఆ మేరకు 15 ఏళ్లపాటు నెలనెలా తగ్గించుకోవడమే కనుక, విహారానికి ఆ డబ్బు వాడాలా అన్నది మీరిద్దరూ కూర్చొని తేల్చుకోవలసిన సంగతి. నేనైతే వాడను.

విరమణకు ముందు విదేశాలకు వెళ్లాలంటే శాఖ అనుమతి కావాలి. తరువాత దాని అవసరం లేదు. మీరు విరమణ తరువాతే వెళ్తున్నారు కనుక ఆ బెడద మీకు లేదు.

సమాధానం (సియాటిల్ ప్రాంతంలో ఉండే సభ్యురాలు)

మాస్టారూ, నమస్కారం. మా అమ్మానాన్నలను, అత్తమామలను వేర్వేరు వేసవుల్లో అలాస్కా తీసుకువెళ్లాము. అమ్మాయిని ఈ వారం టికెట్లు తీయవద్దని చెప్పండి. తగ్గింపు మళ్లీ వస్తుంది. మీకు లేనిది కెనడా వీసా, అది లేకుండా మిమ్మల్ని ఆ ఓడ ఎక్కనివ్వరు.

ఇక్కడే చాలామంది పొరపడతారు. ఓడ సియాటిల్‌లో బయలుదేరి సియాటిల్‌కే తిరిగి వస్తుంది, అలాస్కా అమెరికాదే కదా, మధ్యలో కెనడా ఎందుకు అనుకుంటారు. 1886 నాటి ప్రయాణికుల నౌకల చట్టం ప్రకారం విదేశీ జెండా కింద నడిచే ఓడ అమెరికా రేవుల మధ్య ప్రయాణికులను తిప్పాలంటే మధ్యలో ఒక విదేశీ రేవును తాకి తీరాలి. పెద్ద క్రూజ్ ఓడలు దాదాపు అన్నీ బహామాస్, పనామా వంటి దేశాల జెండాలతో నడిచేవే. అందుకే సియాటిల్ ఓడలు తిరుగు ప్రయాణంలో ఒక సాయంత్రం కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి. కోవిడ్ కాలంలో కెనడా తన రేవులు మూసివేసినప్పుడు, 2021లో అమెరికా కాంగ్రెస్ ప్రత్యేకంగా తాత్కాలిక మినహాయింపు చట్టం చేస్తే తప్ప ఆ వేసవి ఓడలు కదలలేదు. నిబంధన అంత గట్టిది. మేము విక్టోరియాలో దిగము, గదిలోనే ఉంటాము అన్నా ఓడ సంస్థలు ఒప్పుకోవు. చెక్-ఇన్ దగ్గరే పత్రాలు చూస్తారు, లేకపోతే వెనక్కి పంపుతారు, టికెట్టు డబ్బు తిరిగి ఇవ్వరు.

అమెరికా వీసా ఉంటే కెనడాకు ఈటీఏ (ఆన్‌లైన్లో ఇచ్చే ప్రయాణ అనుమతి) చాలునని మీకు ఎవరైనా చెప్పవచ్చు. అలా అమెరికా వీసా చూపి ఈటీఏ పొందే వెసులుబాటు కొన్ని దేశాల పౌరులకే, అదీ విమానంలో వెళ్లేవారికే ఉంది. భారతీయ పాస్‌పోర్టుతో ఓడలో వెళ్లేవారికి సందర్శక వీసాయే కావాలి. (మెక్సికో సంగతి వేరు. చెల్లే అమెరికా వీసా ఉన్నవారికి అక్కడ విడిగా వీసా అక్కరలేదు. లాస్ ఏంజెలెస్ వైపు నుంచి ఎన్సెనాడాకు వెళ్లే చిన్న ఓడలకు మన పెద్దవాళ్లు సులువుగా వెళ్లగలగడం అందుకే.)

కెనడా వీసా గడువు పాస్‌పోర్టు గడువును దాటదు. కాబట్టి ముందు అమ్మగారి పాస్‌పోర్టు కొత్తది తీసుకోండి. పాత పాస్‌పోర్టులోని అమెరికా వీసా రద్దు కాదు. దాన్ని కత్తిరించకుండా, చింపకుండా కొత్త పాస్‌పోర్టుతో పాటు వెంట ఉంచుకుంటే సరిపోతుంది. తరువాత ఇద్దరికీ కెనడా వీసాకు ఆన్‌లైన్లో దరఖాస్తు చేసి, హైదరాబాదులో వేలిముద్రలు ఇవ్వండి. ఇక్కడికి వచ్చాక కూడా దరఖాస్తు చేయవచ్చు గానీ, వీసా ముద్ర కోసం పాస్‌పోర్టు పంపి, అది తిరిగి వచ్చేదాకా ఓడ తేదీని లెక్కపెట్టుకుంటూ కూర్చోవడం పెద్దవాళ్లకు మంచిది కాదు. రెండు వీసాలూ చేతిలో ఉన్నాకే ఓడ తేదీ నిర్ణయించండి. ఈ ప్రయాణం మొత్తంలో ఆఖరున కొనవలసింది ఓడ టికెట్టే.

తేదీ వెనక్కి జరిగినా నష్టమేమీ లేదు. అలాస్కా ఓడలు ఏప్రిల్ చివర మొదలై అక్టోబరు దాకా నడుస్తాయి. జూలై చివర, ఆగస్టు మొదట్లో తిమింగలాలూ కనిపిస్తాయి, చలీ తక్కువగా ఉంటుంది. సెప్టెంబరులో టికెట్టు చవకే గానీ వాన, అలలు ఎక్కువ. కెచికాన్ ఊరిలో మాత్రం ఏ నెలలోనైనా గొడుగు కావాలి.

సముద్రం ఒంటికి పడుతుందో లేదో తెలియని పెద్దవాళ్లకు నేను సియాటిల్ కంటే వాంకూవర్ నుంచి బయలుదేరే ఓడలనే సూచిస్తాను. సియాటిల్ ఓడలు ఎక్కువగా వాంకూవర్ ద్వీపానికి పడమటి వైపున, బయటి పసిఫిక్ మీదుగా పోతాయి. వాంకూవర్ ఓడలు ద్వీపాల చాటున, నిలకడగా ఉండే నీటిలో సాగుతాయి. కెనడా వీసా ఎలాగూ తీసుకోవలసిందే కదా, దాన్ని ఈ విధంగా వాడుకోవచ్చు. బెల్‌వ్యూ నుంచి వాంకూవర్‌కు కారులో మూడు గంటల దూరం, సరిహద్దు దగ్గర పట్టే సమయం అదనం. ఏ రేవు నుంచి వెళ్లినా ముందురోజే ఆ ఊరు చేరుకోండి. ఓడ ఎవరి కోసమూ ఆగదు.

అలాస్కాలో ఓడ ఆగే స్కాగ్వే ఊరిలో వైట్ పాస్ రైలు తప్పక ఎక్కించండి. 1898లో మొదలుపెట్టి 1900లో పూర్తిచేసిన చిన్న గేజి మార్గం అది. అరకు రైలు ఇష్టపడినవారికి బాగా నచ్చుతుంది, అమ్మగారు నడవవలసిన పనీ ఉండదు. అయితే శిఖరం దాకా వెళ్లి వెనక్కి వచ్చే టికెట్టు వేరు, సరిహద్దు దాటి కెనడాలోకి వెళ్లే టికెట్టు వేరు. రెండోదానికి పాస్‌పోర్టులు వెంట ఉండాలి.

ఓడ దిగి అమెరికాలోకి తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ తనిఖీ ఉంటుంది. ఈ ప్రయాణంతో అమెరికాలో ఉండడానికి కొత్తగా ఆరు నెలల గడువు వస్తుందని లెక్క వేసుకోకండి. ఇంటికి చేరగానే ఐ-94 (అమెరికాలోకి మీ రాకను నమోదు చేసే పత్రం) నమోదులో గడువు తేదీ చూసుకొని తిరుగు విమానాన్ని దానికి లోబడి ఉంచండి.

సమాధానం (వైద్యుడు, నెల్లూరు)

అమ్మగారి విషయంలో రెండు మూడు సంగతులు. బయలుదేరడానికి రెండు నెలల ముందే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల చక్కెర సగటు), మూత్రపిండాల పరీక్ష, కళ్ల పరీక్ష చేయించి మందులు స్థిరపరచుకోండి. ప్రయాణం ముందు వారంలో కొత్త మందు మొదలుపెట్టడం మంచిది కాదు. ఉండబోయే కాలమంతటికీ సరిపడా మందులను స్ట్రిప్పులతోనే, మందు అసలు పేరుతో టైపు చేసిన చీటీతో తీసుకువెళ్లండి. ఇన్సులిన్ వాడుతుంటే దాన్ని చేతి సంచీలోనే ఉంచాలి. విమానం అడుగున వేసే సామానులో అది గడ్డకట్టి పనికిరాకుండా పోవచ్చు.

ఓడలో గది మధ్య భాగంలో, కింది అంతస్తుల్లో తీసుకుంటే ఊగడం తక్కువగా తెలుస్తుంది. వాంతులకు మన దగ్గర అందరూ వాడే అవోమిన్ పనిచేస్తుంది గానీ మత్తు ఇస్తుంది. ప్రొస్టేట్ ఇబ్బంది, గ్లకోమా ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా వేసుకోకూడదు. మాస్టారూ, ఈ మాట మీకు కూడా వర్తించవచ్చు. వాంతులై భోజనం తప్పినప్పుడు మధుమేహం మాత్రలు యథాప్రకారం వేసుకుంటే చక్కెర పడిపోతుంది, ఆ రోజు మోతాదు ఎంతో ముందే రాయించుకోండి.

బీమా లేకుండా కదలవద్దు. ఉద్యోగుల ఆరోగ్య పథకం కార్డు అక్కడ చెల్లదు. ఓడలోని వైద్యుడికి రుసుము విడిగా ఉంటుంది. పెద్ద జబ్బు చేస్తే హెలికాప్టరులో ఒడ్డుకు చేర్చే ఖర్చు సామాన్యుడు భరించలేనిది. కాబట్టి అత్యవసర తరలింపు ఉన్న పాలసీయే తీసుకోండి. పాత జబ్బుల గురించి పాలసీలో ఏమి రాశారో చదవండి, మధుమేహం ఉన్నట్లు దాచకుండా రాయండి. దాచినది క్లెయిము సమయంలోనే బయటపడుతుంది.

సమాధానం (విశాఖపట్నం సభ్యుడు)

నాది కొంచెం వేరే అభిప్రాయం. ఓడలో ఒక్క రాత్రి కూడా గడపనివారు నేరుగా ఏడు రాత్రుల ప్రయాణానికి డబ్బు కట్టడం ఎందుకు? ముంబై నుంచి గోవా, లక్షద్వీప్ వైపు రెండు మూడు రాత్రుల కార్డీలియా సంస్థ ఓడలు ఉన్నాయి. మా విశాఖలోనూ 2023లో అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైంది, అప్పుడప్పుడు చెన్నై, పుదుచ్చేరి వైపు ఓడ నడుస్తుంది. ఒకసారి ఎక్కి చూస్తే ఓడ తమకు పడుతుందా, ఆ సందడి నచ్చుతుందా అన్నది తెలిసిపోతుంది. మా ఇంట్లో ఒకరికి అలలు ఇబ్బంది పెట్టలేదు గానీ రాత్రి పన్నెండింటి దాకా మోగే పాటలు ఇబ్బంది పెట్టాయి.

మళ్లీ ప్రశ్న (గుంటూరు అధ్యాపకుడు)

అందరికీ కృతజ్ఞతలు. విమాన ప్రయాణాన్ని జూలై మొదటి వారానికి, ఓడను ఆగస్టుకు మార్చుకుంటున్నాము. రేపే పాస్‌పోర్టు దరఖాస్తు చేస్తాము. విశాఖ సభ్యుల మాట బాగుంది, సంక్రాంతి సెలవుల్లో వీలైతే ముంబై ఓడ చూస్తాము. ఇక మూడు సందేహాలు. డబ్బు నేను ఇక్కడి నుంచి కట్టడమా, అమ్మాయి అక్కడ కట్టడమా? టికెట్టు ధరకు మించి ఏమవుతుంది? నా భార్య శాకాహారి, ఆవకాయ, పొడులు తీసుకువెళ్లవచ్చా?

సమాధానం (సియాటిల్ సభ్యురాలు)

అమ్మాయిని కట్టమనండి. ఇండియాలో ట్రావెల్ ఏజెంటు దగ్గర విదేశీ ప్యాకేజీగా కొంటే మూలంలో పన్ను వసూలు చేస్తారు. ఆదాయపు పన్ను రిటర్నులో అది సర్దుబాటు అవుతుంది గానీ అందాకా మీ డబ్బు చిక్కుకుపోతుంది. అమ్మాయి తన కార్డుతో నేరుగా ఓడ సంస్థకు కడితే ఆ గొడవ రాదు. ముందు అడ్వాన్సు మాత్రమే కట్టి, మిగతాది దాదాపు మూడు నెలల ముందు కట్టే పద్ధతి సాధారణం. ఆ గడువు దాటాక రద్దు చేసుకుంటే కోత పెరుగుతూ పోతుంది. ఆగస్టు ఓడ అయితే మేలో మిగతా సొమ్ము కట్టాలి, అంటే కెనడా వీసాలు ఏప్రిల్‌లోపు రావాలి. ప్రకటనలో కనిపించే ధర ఒక గదిలో ఇద్దరు ఉంటారన్న లెక్కన మనిషికి వేసినది. రేవు పన్నులు, రోజుకు మనిషికి ఇంతని వేసే టిప్పులు, ఇంటర్నెట్, ఒడ్డున విహారాలు అదనం.

ఇంట్లో చేసిన ఆహారాన్ని ఓడలోకి అనుమతించరు, రైస్ కుక్కరు, కెటిలు కూడా తీసేసుకుంటారు. ఆవకాయ బెల్‌వ్యూ ఇంట్లో వదిలి వెళ్లవలసిందే. కంపెనీ సీలు ఉన్న కారప్పొడి ప్యాకెట్టుకు సాధారణంగా అభ్యంతరం చెప్పరు. టికెట్టు తీసేటప్పుడే భారతీయ శాకాహారం అని నమోదు చేయించండి. మొదటి రాత్రి భోజనాల గదిలో పెద్ద వడ్డనకారుణ్ణి కలిసి చెబితే మరునాటి నుంచి పప్పు, కూర, అన్నం విడిగా చేయిస్తారు.

సమాధానం (ఖజానా శాఖ విశ్రాంత ఉద్యోగి)

ఒకటి చేర్చుతాను. ఆధార్‌కు, బ్యాంకుకు ఇచ్చిన ఫోను నంబరుకు అంతర్జాతీయ రోమింగు పెట్టించి, ఆ సిమ్ తీసుకువెళ్లండి. మీరు అక్కడ ఉండగానే ఆదాయపు పన్ను రిటర్ను గడువు వస్తుంది, దాని ధ్రువీకరణకు ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. ప్రీపెయిడ్ సిమ్‌ను 90 రోజులు అసలు వాడకపోతే నంబరు రద్దు కావచ్చు కనుక, రీఛార్జి చేస్తూ నెలకోసారి అయినా దాని నుంచి ఒక సందేశం పంపండి. వార్షిక జీవన ధ్రువీకరణ పత్రం ఏ నెలలో ఇవ్వాలో బయలుదేరే ముందు ఉప ఖజానాలోనే అడిగి రాసుకోండి.