వేసవి సెలవుల్లో శ్రీకాకుళంలో చిన్నపిల్లలతో ఎక్కడికి వెళ్లొచ్చు?

ఇద్దరు పిల్లల అమ్మ:
హైదరాబాద్ నుంచి శ్రీకాకుళంలో మా అత్తగారింటికి వచ్చాం. ఇంకో పది రోజులు ఉంటాం. పాపకి ఆరేళ్లు, బాబుకి మూడు. రెండో రోజుకే ఫోన్ కోసం కొట్టుకుంటున్నారు. కారు లేదు, బస్సులూ ఆటోలే. అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం ఒకే రోజు చుట్టేద్దామంటున్నారు మా వారు. పిల్లలతో అవుతుందంటారా?

టెక్కలి కుర్రాడు:
తేలినీలాపురం తీసుకెళ్లండి. చెట్ల నిండా గూడబాతులు, కొంగలు. పిల్లలకి భలే సరదా.

రిటైర్డ్ కండక్టర్:
తమ్ముడూ, ఆ పక్షులు సెప్టెంబర్‌లో వస్తాయి, మార్చికల్లా సర్దుకుంటాయి. నిరుడు మే నెలలో మనవల్ని తీసుకెళ్లి ఖాళీ చెట్లు చూపించుకొచ్చిన ఘనుణ్ణి నేనే.

అమ్మా, నాలుగు చోట్లూ ఒకే రోజు పెట్టుకోవద్దు. ఆ తప్పూ నేను చేసే ఉన్నాను. శాలిహుండం చేరేసరికి పదకొండు దాటింది. వంశధార ఒడ్డున కొండ మీద పాత బౌద్ధ స్తూపాలు, పై నుంచి ఏరు, పెద్దవాళ్లకి చాలా బాగుంటుంది. మా చిన్నోడు మాత్రం సగం ఎక్కి కూలబడ్డాడు. భుజానేసుకుని ఎక్కించాను. నా నడుం రెండు రోజులు లేవలేదు. ఇంటికొచ్చాక ఏం చూశావురా అని వాళ్లమ్మ అడిగితే "చీమలు" అన్నాడు.

ఈ ఎండల్లో పిల్లలతో తిరగడానికి రోజులో రెండు ముక్కలే ఉంటాయి. తెల్లారి ఐదు నుంచి తొమ్మిది దాకా, మళ్లీ సాయంత్రం ఐదు తర్వాత. పూటకో చోటు చాలు.

ముందు శ్రీకూర్మం వెళ్లండి. గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లుంటాయి. నల్లటి డిప్ప మీద ముగ్గేసినట్టు పసుపు గీతలు. ఒక తోటకూర కట్ట పట్టుకెళ్లి, అక్కడివాళ్లు సరేనంటే వేయించండి. ముందు తల కొంచెం బయట పెడుతుంది, ఆగుతుంది, మళ్లీ కొంచెం. ఆకు అంచు నోట పట్టి, కాలితో తొక్కిపెట్టి, తల వెనక్కి లాగి పుటుక్కున తెంపుతుంది. మా మనవరాలు అరగంట గొంతుక్కూర్చుని చూసింది. ఇంటికి తీసుకెళ్దామని పేచీ పెడతారు, ముందే చెప్పుకోండి. 1972 వన్యప్రాణి చట్టం కింద వాటిని ఇంట్లో పెంచడం నేరం. పోలీసులొస్తారే అంటే, "తాబేలుని కూడా జైల్లో పెడతారా తాతా" అని ఇంటి దాకా అడుగుతూనే ఉంది.

కళింగపట్నం సాయంత్రానికి ఉంచుకోండి. వంశధార అక్కడే సముద్రంలో కలుస్తుంది. ఆ కలిసే చోటు వైపు పిల్లల్ని పోనివ్వొద్దు. పైకి నెమ్మదిగానే కనిపిస్తుంది గానీ లోపల లాగుడు ఉంటుంది. పాదాలు తడిసేంత వరకే, మీ చెయ్యి వాళ్ల చేతిలో ఉండాలి. ఒక పాత గిన్నె, గరిటె ఇస్తే తడి ఇసుకలో గొయ్యి తవ్వుకుంటారు. పీత కన్నంలో దూరడం ఒకసారి చూశారంటే ఇంక కదలరు. చీకటి పడ్డాక ఆటో దొరకడం కష్టం, రానూపోనూ కలిపి ముందే మాట్లాడుకోండి.

మధ్యాహ్నం ఇల్లు కదలొద్దు. తాటికాయలు గెలగా తెప్పించి ముంజెలు తినిపించండి. డొల్లలు పారేయకండి. రెండు డొల్లలకి మధ్యన ఒక పుల్ల గుచ్చి, పంగలకర్రతో తోస్తే బండి. మీ మావగారికి వచ్చే ఉంటుంది, అడిగి చూడండి.

విజయనగరం అక్క:
ఒకరోజు మా ఊరు రండమ్మా. ఆమదాలవలసలో పొద్దున్నే రైలెక్కితే చాలు. చిన్నపిల్లలకి కోట కంటే కిటికీ పక్క సీటే గొప్ప. కోట 1713 నాటిదని మీరు చెప్తారు, వాళ్లు ఐస్‌క్రీం ఎక్కడంటారు. వెళ్లేటప్పుడు భీమాలి మామిడి తాండ్ర కొనుక్కోండి. పిల్లలకి చిన్న ముక్కే ఇవ్వండి, పళ్లకి అంటుకుంటుంది.

ఇద్దరు పిల్లల అమ్మ:
బాబాయ్ గారూ, ఇవాళ పొద్దున శ్రీకూర్మం వెళ్లొచ్చాం. ఎనిమిదిన్నరకి ఇంట్లో ఉన్నాం. బాబు తాబేలు నడిచినట్టు హాలంతా పాకుతున్నాడు, అన్నం కూడా మెడ చాచి తింటున్నాడు. మావగారు ముంజెకాయల బండ్లు మూడు చేశారు. మూడోది మా వారికట. ఒక్క డౌట్, ఈ డొల్లలు వాసన రావా?

రిటైర్డ్ కండక్టర్:
రెండో రోజుకే వస్తాయమ్మా. ఈగలు కూడా. పారేసి మళ్లీ గెల తెప్పించమనండి, ముంజెలు తినడానికి మీ మావగారికి అదో వంక.