చర్చ: పాథాలజీ అధ్యాపకుల పదోన్నతికి కొలమానం వ్యాసాలా, ల్యాబ్ పనా?

ప్రశ్న (అసిస్టెంట్ ప్రొఫెసర్, చెన్నై)

సభ్యులకు నమస్కారం. నేను గుంటూరు జిల్లా నుండి వచ్చి చెన్నైలోని ఒక వైద్య కళాశాలలో పాథాలజీ (రక్తం, కణజాల నమూనాలను పరీక్షించి రోగాన్ని గుర్తించే శాస్త్రం) బోధిస్తున్నాను. ఉదయం గ్రాసింగ్ (శస్త్రచికిత్సలో తీసిన కణజాలాన్ని చూసి, పరీక్షకు ముక్కలు కోయడం), ఆ తర్వాత సూక్ష్మదర్శినిలో స్లైడ్లు, మధ్యలో ఎం.బి.బి.ఎస్. రెండో సంవత్సరం వారికి తరగతులు. పదోన్నతికి మాత్రం ప్రచురితమైన వ్యాసాలనే లెక్కిస్తున్నారు, ల్యాబ్‌ను ఎంత శ్రద్ధగా నడిపినా అందుకు మార్కు లేదు. ఇది సబబేనా?

మొదటి సమాధానం (ప్రొఫెసర్, బయోకెమిస్ట్రీ)

సబబే అంటాను. భీమవరంలో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని రూపొందించి 1925లో ప్రచురించారు. అది అచ్చులోకి రాబట్టే ప్రపంచంలోని ల్యాబ్‌లన్నిటికీ అందింది. రాయడం మానేస్తే ఆచార్యుడికీ, రిపోర్టుల మీద సంతకం చేసే ఉద్యోగికీ భేదం మిగలదు.

రెండో సమాధానం (పాథాలజీ, 26 ఏళ్ల బోధన, చెన్నై)

సుబ్బారావు గారిని తలచినందుకు ధన్యవాదాలు. కానీ ఆ వ్యాసం కూడా ల్యాబ్ బల్ల మీద చేసే కొలత గురించే కదా! పదోన్నతి గడువు దగ్గరపడగానే హడావుడిగా పంపే వ్యాసాలను దాని సరసన నిలబెట్టడం నాకు కష్టంగా ఉంది.

ఒక సంఘటన చెబుతాను. ఒక ఏడాది ఈశాన్య రుతుపవనాల వేళ, డెంగ్యూ జ్వరాలతో వార్డులు నిండి ఉన్నప్పుడు, ఒక యువకుడి ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు) 18,000 మాత్రమేనని యంత్రం చూపింది. ప్లేట్‌లెట్లు ఎక్కించడానికి వార్డులో ఏర్పాట్లు మొదలయ్యాయి, తల్లిదండ్రులు దాతల కోసం పరుగులు పెడుతున్నారు. అతని ఒంటి మీద ఒక్క రక్తపు చుక్క మచ్చ కూడా లేదని విన్న మా పి.జి. విద్యార్థిని, రిపోర్టు ఆపి స్మియర్ చేసి, అంటే రక్తపు చుక్కను గాజు పలక మీద పలుచగా పరచి చూస్తే, ఆ పూత చివరి అంచున ప్లేట్‌లెట్లు గుంపులు గుంపులుగా అతుక్కుని ఉన్నాయి. ఊదారంగు మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా వేసే ఇ.డి.టి.ఎ. అనే రసాయనం వల్ల కొందరి రక్తంలో ఇలా జరుగుతుంది, యంత్రం ఆ గుంపులను ప్లేట్‌లెట్లుగా గుర్తించదు. అదే పనికి సిట్రేట్ ద్రవం వాడే నీలం మూత ట్యూబులో మళ్లీ రక్తం తీయించి, ఆ ద్రవం వల్ల వచ్చే పలుచదనానికి 1.1తో హెచ్చవేస్తే 1,87,000 వచ్చింది. అందరికీ తెలిసిన విషయమే కనుక దీని మీద వ్యాసం రాదు. కానీ ఆ అమ్మాయి ఆ రోజు నేర్చుకున్నది ఏ పాఠంలోనూ అంత గట్టిగా నాటుకోదు, ఆ పిల్లవాడికి అవసరం లేని రక్తం ఎక్కకుండా ఆగింది.

ప్రతి ఉదయం కంట్రోల్ నమూనా (ఫలితం ఎంత రావాలో ముందే తెలిసిన నమూనా) నడిపి, రోజువారీ ఫలితాలు సగటుకు ఎంత దూరంలో ఉన్నాయో చూపే లీవీ–జెన్నింగ్స్ పటం మీద చుక్క పెడతాం. వరుసగా రెండు చుక్కలు సగటుకు ఒకే వైపున రెండు ప్రామాణిక విచలనాలు (ఫలితాల్లో మామూలుగా ఉండే హెచ్చుతగ్గుల కొలత) దాటితే, వార్డుల నుండి ఎన్ని ఫోన్లు వచ్చినా కారణం దొరికే వరకు రిపోర్టులు విడుదల చేయకూడదు. ఆ ఒత్తిడిని తట్టుకుని నిలబడటం కూడా ఆచార్యుడి పనేనని నా గట్టి నమ్మకం. వ్యాసాలు వద్దని నేను అనడం లేదు, వాటి పక్కన దీనికీ చోటు ఇవ్వమంటున్నాను.

మొదటి సభ్యుని ప్రతిస్పందన

మీ ఆవేదన అర్థమైంది, ఆ ప్లేట్‌లెట్ల ఉదంతాన్ని కాదనలేను. అయితే వ్యాసాన్ని బయటివారు సమీక్షిస్తారు. ల్యాబ్ రికార్డులను సొంత విభాగమే రాసుకుంటుంది. వాటిని నమ్మేదెలా?

రెండో సభ్యురాలి జవాబు

అన్నిటినీ మనమే రాసుకోము. వెల్లూరు సి.ఎం.సి. (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) వారి బాహ్య నాణ్యతా పరీక్షలో నమూనా బయటి నుండి వస్తుంది, మన ఫలితం పంపేవరకు మిగతా ల్యాబ్‌ల సగటు మనకు తెలియదు, తేడా ఎంతో వారే లెక్కగట్టి పంపుతారు. వైద్య ల్యాబ్‌ల అంతర్జాతీయ ప్రమాణమైన ఐ.ఎస్.ఓ. 15189 ప్రకారం, ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే ఎన్.ఎ.బి.ఎల్. సంస్థ తరఫున తనిఖీకి వచ్చేవారూ బయటివారే. ఫ్రోజెన్ సెక్షన్‌లో (ఆపరేషన్ జరుగుతుండగానే కణజాలాన్ని గడ్డకట్టించి చేసే త్వరిత పరీక్షలో) చెప్పిన నిర్ణయం, తర్వాత మైనంలో పొదిగి తీరిగ్గా చేసే పారాఫిన్ స్లైడ్‌తో సరిపోయిందో లేదో ఎవరైనా పోల్చి చూడవచ్చు, స్లైడ్లు బీరువాలోనే ఉంటాయి.

ప్రశ్న అడిగినవారు

మా విభాగంలో గత రెండేళ్ల బాహ్య పరీక్షా ఫలితాలు ఒక ఫైలులో ఉన్నాయి. తేడా వచ్చిన నెలలను కూడా దాచకుండా, ఏం సరిదిద్దామో పక్కన రాసి, సోమవారం విభాగాధిపతి గారి ముందు పెడతాను.