అప్‌డేట్: కస్టమ్స్ బ్రోకర్ లైసెన్సు రద్దుపై అప్పీలు

క్లయింటైన ఎగుమతిదారు తాను చెప్పిన చిరునామాలో లేడన్న కారణంతో మా నాన్నగారి కస్టమ్స్ బ్రోకర్ (ఎగుమతి, దిగుమతిదారుల తరఫున కస్టమ్స్ పనులు చూసే ఏజెంటు) లైసెన్సును రద్దు చేశారని, ఎక్కడ అప్పీలు చేయాలని ఇంతకుముందు అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. 2018 నాటి లైసెన్సింగ్ నిబంధనల్లోని 19వ నిబంధన ప్రకారం, మూడు నెలల గడువులోపే సెస్టాట్‌లో (కస్టమ్స్ వివాదాలపై అప్పీళ్లు వినే ట్రిబ్యునల్) అప్పీలు దాఖలు చేశాము. 10వ నిబంధన కోరేది నమ్మదగిన పత్రాలతో క్లయింటును సరిచూసుకోవడమే తప్ప స్వయంగా అక్కడికి వెళ్లి చూడమని కాదని, పైగా ఐఈసీ (ఎగుమతి, దిగుమతిదారులకిచ్చే కోడ్ నంబరు), జీఎస్‌టీ రిజిస్ట్రేషన్లు ప్రభుత్వమే ఇచ్చినవని మా ప్రధాన వాదన. నేర నివేదిక (బ్రోకర్ తప్పు చేశారంటూ అధికారులు పంపే నివేదిక) అందిన 90 రోజుల్లో నోటీసు ఇవ్వాలన్న 17వ నిబంధననూ లేవనెత్తాము. అయితే ఆ గడువు తప్పనిసరా కాదా అన్న విషయంలో హైకోర్టుల తీర్పులు ఒకేలా లేవు కాబట్టి, దాన్నొక్కదాన్నే నమ్ముకోవడం సరికాదనిపించింది. స్టే దరఖాస్తుపై విచారణ వచ్చే వారం ఉంది. పని ఆగిపోయి నాన్నగారు పడుతున్న వేదన చూడలేకపోతున్నాను.