ఇంపెల్లర్‌ను ఏటా మార్చాలా, విప్పి చూసి మార్చాలా?

కొత్తచుక్కాని: ఈ మధ్యనే కొన్న నా పడవలో 3 సిలిండర్ల డీజిల్ ఇంజన్ ఉంది. ఇంజన్‌ను చల్లబరిచే సముద్రపు నీటి పంపులోని రబ్బరు ఇంపెల్లర్‌ను (రెక్కల చక్రాన్ని) చివరిసారి ఎప్పుడు మార్చారో పాత యజమాని చెప్పలేకపోయారు. ఎగ్జాస్ట్ నుంచి నీళ్లు పడుతూనే ఉన్నాయి గానీ, వేగం పెంచినా ధార పెద్దగా పెరగడం లేదు. ఏటా తప్పనిసరిగా మార్చాలా, లేక విప్పి చూసి, బాగుంటే అలాగే ఉంచవచ్చా?

నల్లలంగరు: తప్పనిసరిగా మార్చాలి, ఇందులో చర్చించవలసిందేమీ లేదు. పంపు గుల్లలో ఒకవైపు క్యామ్ అనే ఉబ్బు ఉంటుంది. రెక్కలు దానికి ఒరుసుకుని వంగి, దాటగానే మళ్లీ విచ్చుకుంటాయి; ఆ విచ్చుకోవడంలోనే నీటిని లోపలికి పీల్చుకుంటాయి. ఇంజన్ నడిచినంతసేపూ ఇలా వంగి లేచే రబ్బరు, పడవను నెలల తరబడి కట్టి ఉంచినప్పుడు క్యామ్ దగ్గర నలిగిన వంపులోనే బిగుసుకుపోతుంది. అటువంటి వస్తువును చూసి బాగుందని ఎవరు తేల్చగలరు?

పానాపెట్టె: నేను తేల్చగలను. మూత విప్పి, ఒక్కొక్క రెక్కనూ బొటనవేలితో వంచి, రెక్కల మొదళ్లలో పగుళ్లున్నాయేమో, కొసలు అరిగి చదునయ్యాయేమో చూస్తే సరిపోతుంది. నా ఇంపెల్లర్ ఒకటి 4 ఏళ్లు పనిచేసింది. పైగా మార్చడమే ఒక ప్రమాదం. రెండు స్క్రూడ్రైవర్లతో పెకలించబోయి కంచు గుల్ల మీద గీతలు పెట్టినవారినీ, కాగితపు గాస్కెట్‌ను మడత పడనిచ్చి బిగించినవారినీ, సీకాక్‌ను (సముద్రపు నీటిని పడవలోకి వదిలే కవాటాన్ని) మళ్లీ తెరవడం మరచి, నీరు లేకుండా ఇంజన్ నడిపి కొత్త ఇంపెల్లర్‌ను కొద్దిసేపట్లోనే కాల్చుకున్నవారినీ చూశాను.

అలలనడుమ: ఇంజన్ తాళంచెవిని సీకాక్ పిడికే తగిలించి ఉంచితే ఆ మరపు ఉండదు.

నల్లలంగరు: పానాపెట్టె గారు రెక్కల సంగతే చెప్పారు, నడుమనున్న లోహపు బొడ్డు సంగతి చెప్పలేదు. నా మిత్రుడొకరు మీలాగే విప్పి, చూసి, బాగుందని మూసి బయలుదేరారు. రేవు ముఖద్వారంలో ఇంజన్ వేడెక్కింది. తీసి చూస్తే రెక్కలన్నీ నిగనిగలాడుతూనే ఉన్నాయి, రబ్బరు మాత్రం బొడ్డు నుంచి ఊడింది. బొడ్డు తిరుగుతోంది, రబ్బరు కదలడం లేదు. ఆ పూట ఆ పడవలో నేనూ ఉన్నాను.

పానాపెట్టె: అది అరుదుగా జరిగేది. పంపును విప్పి చూడనివారికి జరిగేది నేను చెబుతాను. ఒకసారి నేను ఊళ్లో లేనప్పుడు ఒక మెకానిక్ నా ఇంపెల్లర్‌ను మార్చాడు. పాతదానికి రెండు రెక్కలు లేవు. అవి ఎటు పోయాయని ఆయన వెతకలేదు, నాకు చెప్పనూ లేదు. ఆ ముక్కలు, ఇంజన్ వేడిని సముద్రపు నీటికి అందించే హీట్ ఎక్స్ఛేంజర్ సన్నగొట్టాల మూతికి అడ్డంపడి, కొత్త ఇంపెల్లర్ ఉండగానే ఇంజన్ వేడెక్కింది. పాతది తీసి కొత్తది పెట్టడమే పని పూర్తయినట్టు భావించే మీ పద్ధతికి ఫలితం అది.

తెల్లతెరచాప: కొత్తచుక్కాని గారూ, కొత్తది పెట్టేటప్పుడు గ్లిజరిన్ గానీ, గిన్నెలు తోమే ద్రవం గానీ రాయండి. నియోప్రీన్ రబ్బరుకు మామూలు గ్రీజు పడదు. రెక్కలు తిరిగే దిశకు వెనుకకు వంగేలా పెట్టండి.

నల్లలంగరు: దిశ గురించి అంత పట్టింపు అవసరం లేదు. తిరగడం మొదలవగానే రెక్కలు వాటంతటవే సర్దుకుంటాయి.

పానాపెట్టె: సర్దుకుంటాయని ఎలా చెప్పగలరు? మూత బిగించిన తరువాత లోపలికి తొంగి చూశారా? కొత్త రెక్క గట్టిగా ఉంటుంది, దాన్ని తలక్రిందులుగా మడవనిచ్చి ఎందుకు నలపాలి? ఒక నిమిషం శ్రమపడితే పోయేదానికి ఇంత నిర్లక్ష్యమా?

నల్లలంగరు: నిర్లక్ష్యం నాదా? 4 ఏళ్ల రబ్బరును మళ్లీ లోపల పెట్టేవారు నాకు నిర్లక్ష్యం గురించి చెబుతున్నారు.

పానాపెట్టె: మీరు మీ పంపును స్వయంగా ఎన్నిసార్లు విప్పారో ముందు చెప్పండి.

నల్లలంగరు: 11 సార్లు, ఏడాదికొకసారి. నా పంపు మూత ఇంజన్ వెనుకవైపు, అడ్డగోడకు ఎదురుగా ఉంటుంది. ఇంజన్ మీద బోర్లా పడుకుని, ఒక చేతిలో అద్దం పట్టుకుని, ఆరు మరలనూ తడిమి విప్పాలి. ఒక మర అడుగునున్న మురికినీటిలో పడితే ఆ పూట అక్కడితో సరి. రెండు గంటల పని అది, నడిసముద్రంలో చేయగలిగినది కాదు. అంత కష్టపడి విప్పాక, బాగుందని పాతదాన్నే తిరిగి పెట్టమంటారా?

పానాపెట్టె: ఈ మాట మొదటే చెప్పవలసింది. నా పంపు ముందువైపు, మెట్లు తీస్తే ఎదురుగానే ఉంటుంది. పది నిమిషాల్లో విప్పి మూస్తాను, కాబట్టే సీజనులో రెండు మూడుసార్లు చూస్తాను.

అలలనడుమ: ఇద్దరూ ఇంతసేపూ వాదించింది ఇంపెల్లర్ గురించి కాదన్నమాట.

నల్లలంగరు: ఇంపెల్లర్ గురించే. పది నిమిషాల్లో విప్పగలిగేవారి సలహాను, రెండు గంటలు పట్టేవారికి ఇవ్వకూడదని నేనంటున్నాను. ఉష్ణోగ్రత ముల్లు పైకి లేచేసరికే ఎగ్జాస్ట్ రబ్బరు గొట్టం కాలిపోతూ ఉండవచ్చు, ఎందుకంటే దాన్ని చల్లబరిచేది ఈ సముద్రపు నీరే.

పానాపెట్టె: ఆ సంగతి నిజమే. అయినా ఏటా మార్చినవారు ముక్కల కోసం వెతకకపోతే ప్రయోజనం లేదన్న నా మాటకు మీరింకా సమాధానం చెప్పలేదు.

కొత్తచుక్కాని: సీకాక్ మూసి విప్పాను. ఆరు రెక్కల్లో ఒకటి మొదలంటా లేదు, మరొకటి సగం విరిగింది. సగం ముక్క పంపు నుంచి బయటికి పోయే గొట్టం మలుపులోనే దొరికింది. రెండోదాని కోసం హీట్ ఎక్స్ఛేంజర్ చివరి మూత విప్పితే, గొట్టాల మూతికి జలగలా అంటుకుని ఉంది. కొత్తది పెట్టి, సీకాక్ తెరిచి, ఇంజన్ స్టార్ట్ చేస్తే ధార బాగా పెరిగింది. పెట్టేటప్పుడు రెక్కలు ఎటువైపు వంగాయో మాత్రం గమనించలేదు.

పానాపెట్టె: మళ్లీ విప్పి చూడండి.

నల్లలంగరు: విప్పవద్దు.