ఫోటోలు ఆన్‌లైన్‌లో ప్రింటు వేయించాలా, నెల్లూరు ట్రంకు రోడ్డులో ఇవ్వాలా?

కోవూరు మనవడు:
మాది కోవూరు పక్కన పల్లె. 2021 నవంబరులో పెన్నకి వరదొచ్చి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది గదా, ఆ వరదలోనే మా ఇంట్లోకీ మోకాలి లోతు నీళ్ళొచ్చాయి. బీరువా కింద అరలో ఉన్న రెండు ఆల్బమ్‌లు తడిసిపోయాయి. దక్కినవాటిని అప్పుడే ఫోన్‌తో తీసి పెట్టుకున్నా. అవీ, ఆ తర్వాతి పెళ్ళిళ్ళవీ కలిపి మూడొందల దాకా ఉన్నాయి. సంక్రాంతికి అందరూ ఊరికొచ్చేలోపు మళ్ళీ ఆల్బమ్ చేయించాలి. నేనుండేది బెంగళూరులో. ఆన్‌లైన్‌లో ఇస్తే నేరుగా అమ్మ చేతికి చేరుతుంది. మా చిన్నాన్నేమో "కంటికి కనపడనోళ్ళకి ఇవ్వడమేంది, నెల్లూరులో ఇద్దాం" అంటాడు. అనుభవం ఉన్నోళ్ళు చెప్పండి.

కావలి కుర్రోడు:
ఆన్‌లైనే అన్నా, ఆలోచించొద్దు. మా అక్క కూతురి పుట్టినరోజు ఫోటోబుక్ అట్టాగే తెప్పించా. ఏ పేజీలో ఏ ఫోటో రావాలో మనమే సర్దుకోవచ్చు, రేటు ముందే కనిపిస్తుంది, పార్సిల్ యాడుందో ఫోన్‌లో తెలుస్తుంది. ఊళ్ళో అయితే ముహూర్తాల నెలల్లో మన నలభై ఫోటోల్ని పట్టించుకునేవాడుండడు. "రేపు రా అబ్బయ్యా" అని నన్ను మూడుసార్లు తిప్పారు.

ఒంగోలు అక్క:
తొందరపడొద్దు తమ్ముడూ. నేనూ ఆన్‌లైన్‌లో ఇచ్చే నొచ్చుకున్నా. మా నాన్న షష్టిపూర్తి గ్రూపు ఫోటోలో వెనక వరసలో నిలబడ్డ పెదనాన్న తల నుదుటి దగ్గరికి తెగిపోయి వచ్చింది. ఎందుకో తర్వాత తెలిసింది. ఫోన్ ఫోటో కొలత 4:3, మనం అడిగే 4×6 ప్రింటు 3:2. అడ్డం ఫోటోని ఆరంగుళాల వెడల్పుకి సరిపెడితే ఎత్తు నాలుగున్నర అంగుళాలు వస్తుంది. ఆ మిగిలిన అరంగుళాన్ని పైనా కిందా కోసేస్తారు. 6×8 అడిగుంటే చక్కగా సరిపోయేది. అది నేను చూసుకోవాల్సిన సంగతే, ఒప్పుకుంటా.

కానీ రంగు? మా అమ్మది చామనచాయ. ప్రింటులో మొహానికి సున్నం పూసినట్టుంది. వాళ్ళ మిషను తనంతట తానే తెల్లగా చేసేసింది. ఫోన్ చేస్తే మా సాఫ్ట్‌వేరు అంతేనండీ అన్నారు. మా అమ్మ రంగు మార్చమని వాళ్ళకెవరు చెప్పారు? ఎదురుగా మనిషుంటే అక్కడికక్కడే చూపించి మళ్ళీ వేయించుకునేదాన్ని.

పాత ల్యాబ్ మనిషి, నెల్లూరు:
ఇరవై ఏళ్ళు కలర్ ల్యాబులో పనిచేసినవాణ్ణి. ఆన్‌లైనా, ఊరా అన్నది తర్వాత. ముందు ఏ పద్ధతిలో వేస్తారో అడగండి. రీళ్ళ కాలంలో జనం "ఫోటోలు కడిగించాలి" అనేవాళ్ళు. నిజంగా కడిగేవాళ్ళమే. వెండి లవణాలు పూసిన కాగితం మీద వెలుగు పడేసి, డెవలపర్‌లో, ఆ తర్వాత బ్లీచ్‌ఫిక్స్‌లో నడిపి, నీళ్ళల్లో కడిగి ఆరబెట్టాలి. డిజిటల్ వచ్చాక నెగెటివ్ పోయి లేజర్ వచ్చింది గాని, మిగతా కడుగుడంతా అదే. దాన్ని సిల్వర్ హాలైడ్ ప్రింటు అంటారు. ఇంక్‌జెట్ వేరు, అది సిరా చిమ్మేది. అందులో డై సిరా అయితే నీళ్ళు తగిలితే కారిపోతుంది, పిగ్మెంట్ సిరా కొంత నిలబడుతుంది.

కోవూరు అబ్బయ్యా, మీ ఇంట్లో ఆ మాత్రమన్నా దక్కాయంటే అవి కడిగిన కాగితాలు కాబట్టేనని నా నమ్మకం. ఒకదానికొకటి అతుక్కున్నవి పారేశారా? అట్టాంటివాటిని లాగకూడదు. తడి ఆరకముందే, రెండు రోజుల్లోపు, శుభ్రమైన చల్లని నీళ్ళల్లో నానబెడితే చాలావరకు విడొస్తాయి. నీడన ఆరబెట్టాలి. మళ్ళీ ఎవరికీ ఆ అవసరం రాకూడదు గాని, పెన్న గట్టున ఉండేవాళ్ళం, తెలిసుండాలి.

అక్కగారు చెప్పిన రంగు మార్పు మేమూ చూశాం. ఆర్డరు ఇచ్చేటప్పుడు ఆటో కరెక్షన్ తీసేసే వీలుందేమో చూడండి. లేకపోతే అక్కడ ఇవ్వొద్దు.

కావలి కుర్రోడు:
బాబాయ్, మీ మాట కాదనను. కానీ ఇప్పుడు ఊళ్ళో ఎన్ని స్టూడియోల్లో కడిగే మిషనుంది? చాలామంది బల్ల మీద ఇంక్‌జెట్ పెట్టుకొని వేసిస్తున్నారు. ఆల్బమ్ అయితే పెద్ద ల్యాబుకి పంపి తెప్పిస్తున్నారు. ఆ పంపేదేదో నేనే నేరుగా పంపితే పోయేదేముంది?

పాత ల్యాబ్ మనిషి, నెల్లూరు:
తెప్పించినాయన ఫోటో బాగలేకపోతే నీ ఎదురుగా నిలబడి జవాబు చెప్పాలి అబ్బయ్యా. అది పోతుంది. అయినా నువ్వన్నదీ నిజమే, అందుకే మిషనేందని అడగమన్నా. చెప్పడానికి వెనకాడేవాళ్ళకి యాడున్నా ఇవ్వొద్దు.

సింగరాయకొండ టీచరమ్మ:
ఇంత మాట్లాడారు గాని ఫైళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు. బంధువులు పంపే పెళ్ళి ఫోటోలన్నీ వాట్సాప్‌లో వచ్చినవే గదా. మామూలుగా పంపితే అది పొడవు వైపు సుమారు 1600 పిక్సెళ్ళకి కుదించేస్తుంది. అంగుళానికి 300 చొప్పున 4×6కి 1200×1800 కావాలి, కాస్త తక్కువైనా అక్కడికి ఫర్వాలేదు. దాన్నే 12×18 చేసి గోడకి పెడదామంటే అంగుళానికి తొంభై కూడా రావు, మొహాలు అలికినట్టు ఉంటాయి. అందరినీ డాక్యుమెంటుగా పంపమనండి, ఏ కుదింపూ ఉండదు.

అప్‌లోడ్ చేశాం గదా అని ఫోన్‌లోవి తుడిచెయ్యకండి. కోడాక్ వాళ్ళ ఆన్‌లైన్ ఫోటోల సైటు కోడాక్ గ్యాలరీయే 2012 జులైలో మూతబడింది. రెండు పెన్‌డ్రైవులు కొని ఒకటి అమ్మ దగ్గర ఉంచండి. ఈసారి బీరువా పై అరలో.

కోవూరు మనవడు:
అందరికీ దండాలు. పన్నెండు ఫోటోలు ఏరి, ఆటో కరెక్షన్ తీసేసి ఆన్‌లైన్‌లోనూ, నెల్లూరులోనూ వేయించి పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టి చూశా. పెళ్ళి ఫోటోలు ఆన్‌లైన్‌లోనే బాగున్నాయి, 6×8లో ఒక్క తలా తెగలేదు. అవి అక్కడికే ఇస్తున్నా.

పాతవాటికి మాత్రం చిన్నాన్న మాటే వింటున్నా. మా నాయనమ్మ మైపాడు సముద్రం దగ్గర దిగిన ఫోటో ఒక్కటే ఉంది. ఫోన్‌తో తీసినప్పుడు ఫ్లాష్ మెరుపు సరిగ్గా ఆమె కళ్ళ మీద పడింది. ఆ ఫైలు ఎవరికిచ్చినా కళ్ళు రావు. అసలు ఫోటో ఇంకా అమ్మ దగ్గరుంది, అంచున బురద మరకతో. దాన్ని 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల చొప్పున) స్కాన్ చేసి, మరక మటుకు తీసి, రంగు ముట్టుకోకుండా వేసిస్తానని ట్రంకు రోడ్డులో ఒకాయన అన్నాడు. చిన్నాన్న ఆదివారం తీసుకెళ్తాడు.

ఒంగోలు అక్క:
రెండు గట్టి అట్టల మధ్య పెట్టి ఇమ్మను తమ్ముడూ, బండి మీద వంగకుండా. స్కాన్ అయ్యేదాకా చిన్నాన్నని అక్కడే కూర్చోమను.